పాలు పడనివారి సంగతి

(ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



పంచాంగ శ్రవణమునకు, పిల్లల పాటలకు మధ్య ఒక పావుగంట ఆరోగ్య విషయము మాట్లాడవలసినదని కార్యదర్శిగారు మాకు కబురు పంపినారు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గూడ్సు ఆఫీసులో రసీదులు వ్రాసుకొనే గుమాస్తాలము. అయినా ఒక విషయము మా ఇంట జరిగి, మూడేండ్లుగా మమ్ములను చదివించినది, డాక్టర్లను అడిగించినది. అది మీలో చాలామందికి పనికివస్తుందని తోచి ఒప్పుకున్నాము.

మూడేండ్లక్రితము మా అమ్మగారు క్వార్టరు వాకిట్లో ముగ్గు వేస్తూ, తడి గచ్చుమీద జారి చేయి ఊని కూర్చున్నారు. పడినది జానెడు ఎత్తునుండి కూడ కాదు. మణికట్టు విరిగినది. ఎక్సురే చూసిన డాక్టరుగారు, ఇంత చిన్న పాటుకు ఎముక విరగకూడదని చెప్పి, ఎముకల సాంద్రత పరీక్ష చేయించినారు. ఎముకలు బాగా పలచబడినవని తేలినది. “అమ్మా, పాలు తాగుతారా?” అని ఆయన అడిగినారు. “పాలు నాకు పడవు బాబూ. తాగితే కడుపు గుడగుడలాడుతాది. పెద్దోడు పుట్టిన కాడినుంచీ మానేసినాను” అన్నారు అమ్మగారు.

ఆ పెద్దవాడము మేమే. మాకు ముప్పదియారు సంవత్సరములు. అనగా ముప్పదియారేండ్లుగా మా అమ్మగారు పాలు మానివేసినారు. పాలకు బదులుగా ఆమె కంచములో ఏమి పెట్టవలెనో ఇంటిలో ఏ ఒక్కరము ఆలోచించలేదు. మా పాలు మేము తాగుతూ వచ్చినాము. ఈ మాట సభలో చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది. అయినా మీలో కొందరి ఇండ్లలో కూడ ఇదే జరుగుతూ ఉండవచ్చునని చెబుతున్నాము.

ముందుగా ఈ “పడకపోవుట” ఏమిటో చూతము. పాలలో లాక్టోజు అనే చక్కెర ఉన్నది. అది ఒంటబట్టవలెనంటే చిన్నప్రేగు లోపలిపొరలో ఊరే లాక్టేజు అనే పదార్థము దానిని రెండుగా విడగొట్టవలెను. చంటితనములో ఇది అందరికి పుష్కలముగా ఉంటుంది. పాలు మరచిన పిదప చాలామందిలో క్రమముగా తగ్గిపోతుంది. అప్పుడు విడని చక్కెర పెద్దప్రేగులోనికి జారి, అక్కడి సూక్ష్మజీవులచేత పులిసి వాయువు పుట్టిస్తుంది. కడుపుబ్బరము, గుడగుడ, నొప్పి, నీళ్ళ విరేచనము దానివలననే.

కాబట్టి ఇది వికారము కాదు, పొగరు కాదు. ప్రపంచములో పెద్దవారిలో సుమారు మూడింట రెండువంతులమందికి ఈ లాక్టేజు తగ్గియే ఉంటుంది. కొన్ని వేల సంవత్సరములక్రితము పశువుల మందలపై బ్రతికిన జాతులలో వచ్చిన ఒక మార్పు వలన కొందరికి మాత్రము పెద్దయిన తరువాత కూడ పాలు అరిగే శక్తి నిలిచినది. మన దేశములో ఈ మార్పు వాయవ్యమున ఎక్కువగా ఉండి, ఆగ్నేయమువైపు వచ్చేకొద్ది తగ్గుతుందని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, విదేశీయులతో కలిసి చేసిన పరిశోధనలో 2011లో తేల్చినారు. అనగా పంజాబీ మిత్రుడు లోటాడు పాలు తాగి తేన్చుచుండగా, మన శ్రీకాకుళపు మనిషి సగము గ్లాసుకే కడుపు పట్టుకొనుటలో వింత లేదు.

ఇక్కడ మన మర్యాదలగూర్చి ఒక మాట. మన తెలుగువారి ఇండ్లకు పోతే ముందు పాలో, పాలు చిక్కగా పోసిన కాఫీయో చేతికి వస్తుంది. వద్దంటే, “మా ఇంట తాగకూడదా వదినగారూ?” అని నిష్ఠూరము. పాపము, ఆ వదినగారు మొగమాటమునకు తాగి, ఇంటికి వెళ్ళి అవస్థపడుతుంది. లేదా వచ్చుటయే మానుకుంటుంది. ఇకనుండి ఎవరైనా “పాలు పడవండి” అంటే, ఆ మాటను అంతటితో నమ్మి మజ్జిగ ఇత్తము.

మనకు పడుటలేదని ఎట్లా తెలుసుకొనవలెను? పాలు తాగిన అరగంటనుండి రెండు గంటలలోపల ప్రతిసారి ఈ బాధ వస్తూంటే అనుమానించవచ్చును. రెండు వారములు పాలు మాని చూచి, మరల తాగి చూస్తే చాలవరకు తేలిపోతుంది. పెద్ద ఆసుపత్రులలో ఊపిరి పరీక్షకూడ ఉన్నది. అయితే మలములో రక్తము, బరువు తగ్గుట, జ్వరము, నిద్రలోనుండి లేపే విరేచనములు ఉంటే అది పాల పని అని ఊరుకొనరాదు. వెంటనే డాక్టరుకు చూపవలెను. పాలు తాగితే దద్దురులు, ఆయాసము వచ్చుట మరియొక సంగతి. అది ఎలర్జీ. వారు మజ్జిగచుక్క కూడ ముట్టరాదు.

చంటిబిడ్డల విషయము. విరేచనములు పట్టిన బిడ్డకు కొన్నాళ్ళు పోతపాలు సరిపడకపోవచ్చును. ప్రేగు మానిన తరువాత మరల సరిపడతవి. కాని తల్లిపాలు ఎన్నడును మానిపించరాదు.

ఇక కాల్షియము. మన ఒంటిలోని కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలోను, పళ్ళలోను ఉంటుంది. మిగిలిన ఒక్క వంతుతో గుండె, కండరములు, నరములు నడుస్తవి. ఆ ఒక్క వంతు తగ్గితే శరీరము ఊరుకోదు, ఎముకలనుండి తోడుకుంటుంది. సుమారు ముప్పదియేండ్ల లోపల ఎముకలలో జమ పడినదే జమ. ఆ తరువాత జీవితమంతయు ఖర్చే. స్త్రీలకు ముట్లు ఆగిన తరువాత ఆ ఖర్చు మరీ వేగముగా నడుస్తుంది.

రోజునకు ఎంత కావలెను? దీనిని చెప్పే సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది. 1918లో కూనూరులో పుట్టి, తరువాత హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ. మనము ఆంధ్రదేశమునుండి ఇటు వచ్చినాము, అది అటు వెళ్ళినది! 2010లో పెద్దవారికి రోజునకు 600 మిల్లీగ్రాములు చాలునన్న లెక్కను 2020లో 1000కి పెంచినారు. పాలిచ్చే తల్లులకు, ముట్లు ఆగిన స్త్రీలకు 1200. ఎదిగే పిల్లలకు వయస్సునుబట్టి 500 మొదలు 1050 వరకు.

ఆవుపాలు 100 గ్రాములలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము ఉంటుంది. పాలు పడనివారు దీనిని ఎట్లా పూడ్చుకొనవలెను? ఇక్కడనే మా ఇంటి కథ మరల వస్తుంది.

మా తాతగారి తరమువారు శ్రీకాకుళము జిల్లా పల్లెలో చోడి అంబలి తాగి పొలమునకు పోయేవారు. గంటెలు, చోళ్ళు, ఉలవలు వారి తిండి. తూర్పుతీరపు రైలుమార్గము పడిన పిదప మనవారు కుటుంబములతో ఈ ఖుర్దారోడ్డు వైపు రాసాగినారు. మా తాతగారును అట్లే వచ్చినారు. జీతము వచ్చినది, క్వార్టరు వచ్చినది, రేషను బియ్యము వచ్చినది. అంబలి కుండ అటక ఎక్కినది. “ఉద్యోగస్థుల ఇంట చోడి అంబలేమిటి, నలుగురు చూస్తే నవ్వరా?” అని మా నాయనమ్మగారు అనేవారట. ఆ విధముగా మూడు పూటల తెల్లని అన్నమునకు వచ్చినాము. పాలు పడేవారికి ఆ లోటు పాలతో కొంత తీరినది. పడని మా అమ్మగారికి రెండును పోయినవి.

చోళ్ళనగా రాగులే. వంద గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. అదే తూకము ఆవుపాలకు ఇంచుమించు మూడు రెట్లు. బియ్యములో అది లెక్కకు రానంత స్వల్పము. చిత్రమేమనగా, ఇక్కడి సంతలో ఒడియావారు మాండియా అని అమ్మేది ఈ చోళ్ళే. ఏండ్ల తరబడి ఆ బస్తాల ప్రక్కనుండి నడిచిపోతూ, అవి ఏదో వీరి ధాన్యమనుకున్నాము. 2017లో ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల పథకము ఆరంభించిన తరువాత మాండియాకు గౌరవము మరల వచ్చినది. మన అటకమీద కుండను కూడ దింపుకొనవచ్చును.

అయితే చోళ్ళలో ఫైటేటు అనే పదార్థము కాల్షియమును కొంత పట్టి ఉంచుతుంది. అందుకు మన పెద్దలకు ఉపాయము తెలియకనే తెలిసి ఉన్నది. చోళ్ళు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరుట. లేదా అంబలిని రాత్రంతయు పులియబెట్టుట. ఈ రెండింటివలనను ఫైటేటు తగ్గుతుంది.

తరువాత ఆకులు. మునగాకు వంద గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైన ఉన్నది. ఇక్కడివారు దానినే సజనా శాగ అని ఇష్టముగా తింటారు. మన కాలనీలో మునగచెట్టులేని వరుస లేదు. మనము కాయలు కోసుకొని, ఆకు మేకలకు వదలుతున్నాము. కరివేపాకులో ఇంకను ఎక్కువ ఉన్నది, కాని కంచము అంచున ఏరిపెడితే ఏమి లాభము? పొడిచేసి అన్నములో కలుపుకొనవలెను. పాలకూరలో కాల్షియము ఉన్నా, అందులోని ఆక్సలేటు దానిని బిగించి ఉంచుతుంది. పేరులో పాలున్నవని మోసపోరాదు. తోటకూరలోను ఆక్సలేటు కొంత ఉన్నది. ఉడికించి ఆ నీళ్ళు వార్చుట మంచిది.

నువ్వులలో వంద గ్రాములకు 1000 మిల్లీగ్రాములు మించి ఉన్నది. పొట్టు తీయని నువ్వులనే వాడవలెను, వేయించి దంచి తినవలెను. అందులోను కొంత ఆక్సలేటుకు పోతుంది; అయినా మిగిలేది తక్కువ కాదు. రోజూ ఒక చిమ్మిలి ఉండ పిల్లల చేతిలో పెడితే వారు బిస్కట్లు అడుగరు. ఉలవలలో 270 వరకు ఉన్నది. చేపలు తినేవారికి నెత్తళ్ళవంటి ముల్లుతో నమిలే చిన్నచేపలు మంచివి. ఎండుచేపలైతే ఉప్పు పోయేటట్లు బాగా కడుగవలెను. ఉప్పు ఎక్కువైతే మూత్రముతో కాల్షియము బయటికి పోతుంది. ఊరగాయ ప్రియులు ఈ మాట గమనించవలెను.

పాలు పడనివారు పెరుగు మానవలసిన పని చాలావరకు లేదు. పాలు తోడుకున్నప్పుడు లాక్టోజు కొంత తగ్గుతుంది. తోడులోని సూక్ష్మజీవులు కడుపులో కూడ దానిని విడగొట్టుటకు సాయపడుతవి. మా అమ్మగారికి పాలు పడకపోయినా గడ్డపెరుగు పడినది. సగము గ్లాసు పాలు అన్నముతోబాటు తీసుకుంటే చాలామంది తట్టుకుంటారు. పరగడుపున గ్లాసెడు తాగితేనే చిక్కు. ఇక్కడి ఛెనాలో, పాలు విరిచి నీరు వార్చుటవలన లాక్టోజు చాలవరకు పోతుంది. నెయ్యిలో లాక్టోజు ఇంచుమించు లేదు గాని కాల్షియమును లేదు. కొబ్బరిపాలు రుచికే, ఎముకకు కాదు. సోయాపాలలో విడిగా కాల్షియము కలిపితేనే ఉంటుంది. డబ్బామీద చదివి కొనవలెను.

గుమాస్తాలము గనుక ఒక రోజు లెక్క వ్రాసుకొని వచ్చినాము. చోడిపిండి వంద గ్రాములు, అంబలిగానో రొట్టెగానో: 350. మునగాకు గుప్పెడు, 50 గ్రాములు: 150. నువ్వులు 15 గ్రాములు: 180. ఉలవలు 50 గ్రాములు: 135. పెరుగు 150 గ్రాములు: సుమారు 180. మొత్తము 995. చుక్క పాలు లేకుండ ఇంచుమించు వెయ్యి. ఇందులో ఏదియు బజారులో దొరకనిది కాదు.

పెద్దలొకరు మమ్ములను అడిగినారు: “తాంబూలములో సున్నము వేసుకుంటున్నాముగదా, అదియు కాల్షియమేగదా?” అని. సున్నము కాల్షియమే. కాని దానితోబాటు నమిలే వక్క నోటి క్యాన్సరు కలిగిస్తుందని తేలిన వస్తువు. ఎముక కొరకు దవడను పోగొట్టుకొనరాదని మనవి.

ఇక విటమిను డి. మా గూడ్సు షెడ్డు మాటలో చెప్పవలెనంటే, వ్యాగను నిండ సరుకు వచ్చినా దింపే కళాసీ లేకపోతే సరుకు వచ్చిన దారినే తిరిగిపోతుంది. కాల్షియమునకు ఈ కళాసీ విటమిను డి. అది చాలినంత ఉంటే తిన్న కాల్షియములో నూటికి 30 నుండి 40 వంతులు ఒంటబడుతుంది. లేకపోతే 10, 15 వంతులే. రోజునకు కావలసినది 600 యూనిట్లు.

పాలు మానుటవలన విటమిను డి పోయినదని కొందరి భయము. నిజమునకు కలపని పాలలో అది నామమాత్రమే. ఇప్పుడు కొన్ని పాల ప్యాకెట్లలోను, వంటనూనెలలోను ప్రభుత్వ నియమముల ప్రకారము ఎ, డి విటమినులు కలుపుతున్నారు. అట్టి ప్యాకెట్టుమీద ఎఫ్ అక్షరము, ప్లస్ గుర్తు ఉంటవి. పాలు పడనివారు అట్టి నూనె కొనవచ్చును. గ్రుడ్డు పచ్చసొన, కవళ్ళు, కానాగంతలవంటి కొవ్వుచేపలు కొంత ఇస్తవి. అసలు ఆధారము ఎండ.

ఎండ మన దేశములో కరవా అని మీరు అడుగవచ్చును. తిరుపతిలోని వైద్యులు అక్కడి ప్రజలను పరీక్షించి 2007లో ప్రచురించినారు. పొలములో పనిచేసే పల్లెవారికంటె పట్టణవాసులలో విటమిను డి తక్కువగా ఉన్నది; తిండిలో కాల్షియము ఇరువురికిని చాలుటలేదు, ఫైటేటు మాత్రము ఎక్కువగా ఉన్నది. వేంకటేశ్వరుని సన్నిధిలో ఎండకు లోటు లేదు. మనుష్యులు నీడలో ఉన్నారు, అంతే. మేమును ఉదయము ట్యూబులైటు క్రిందికి పోయి, చీకటిపడ్డాక తిరిగివచ్చేవారమే. మా అమ్మగారు వంటింటినుండి పూజగదికి, పూజగదినుండి వంటింటికి.

ఏ ఎండ పనికివస్తుంది? ఉదయపు లేత ఎండ హాయిగా ఉంటుంది గాని అందులో ఈ శక్తి తక్కువ. మన నీడ మనకంటె పొట్టిగా ఉన్న వేళనే విటమిను తయారవుతుంది. ఇంచుమించు పదకొండునుండి రెండు గంటలవరకు మేలు. ఇక్కడ డిసెంబరు నెలలో కూడ మిట్టమధ్యాహ్నము నీడ మనకంటె పొట్టిగానే ఉంటుంది, చూచుకొనండి. అద్దపు కిటికీవెనుక కూర్చుంటే ఫలితము లేదు. ఆ కిరణములు అద్దము దాటవు. ముఖము, చేతులు, కాళ్ళు ఎండకు తగులవలెను. నల్లని చర్మమునకు ఎక్కువసేపు పడుతుంది. మా ఇంట వారమునకు నాలుగైదు రోజులు, అరగంట లోపల అని నియమము పెట్టుకున్నాము. చైత్ర వైశాఖములలో ఇక్కడి ఎండ ప్రాణము తీసేది. అప్పుడు పది గంటలు దాటగానే కొద్దిసేపు చాలించి, తలకు గుడ్డ కట్టుకొని, నీళ్ళు తాగవలెను.

మాత్రలగూర్చి చివరి మాట. తిండి, ఎండ చాలనివారికి మాత్రలు కావలసిందే. మా అమ్మగారును వేసుకుంటున్నారు. కాల్షియము కార్బొనేటు 1250 మిల్లీగ్రాముల మాత్రలో అసలు కాల్షియము 500 మాత్రమే. దానిని భోజనముతో వేసుకొనవలెను, ఒకసారి 500 మించరాదు, రక్తహీనతకు వేసుకొనే ఇనుము మాత్రతో కలిపి వేసుకొనరాదు. మూత్రపిండములలో రాళ్ళున్నవారు డాక్టరు మాట లేనిదే ముట్టరాదు. విటమిను డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు సాధారణముగా వారమునకు ఒకటి చొప్పున, అదియు కొన్ని వారములకే ఇస్తారు. మన కాలనీలో ఒకరు అది బలమునకని నెలరోజులు రోజూ ఒకటి తాగి, వాంతులతో, ఆరని దాహముతో ఆసుపత్రి పాలైనారు. ఇది నీటిలో పోయే విటమిను కాదు, ఒంటిలో నిలువ ఉంటుంది. రక్తపరీక్ష చేయించి, డాక్టరు వ్రాసినంతే వాడవలెను.

మా అమ్మగారి మణికట్టు అతికినది, కొంచెము వంకర మిగిలినది. పోయిన ఎముక అంతయు తిరిగి రాదని డాక్టరుగారు మొదటే చెప్పినారు. ఉన్నది నిలుపుకొనుటకే ఈ పాట్లు. ఇప్పుడు ఆమె ఉదయము చోడి అంబలిలో పెరుగు కలుపుకొని తాగుతారు. పదకొండింటికి పెరటిలో కూర్చొని మునగాకు దూస్తారు. ఎండయు కూరయు ఒకే పనిలో తీరుతవి. మా పదేండ్ల అమ్మాయి పక్కన కూర్చుంటుంది. దానికిని పాలు పడవు. నాయనమ్మ పోలిక. దాని జమ ఇప్పుడే మొదలైనది గనుక మాకు ధైర్యముగా ఉన్నది.

కార్యవర్గమువారికి రెండు మనవులు. వచ్చే ఉగాది విందులో పాల పాయసము ప్రక్కన చిమ్మిలియు, మజ్జిగయు ఉంచవలెను. మహిళా విభాగమువారు సంవత్సరమునకు ఒకసారైనా నలువది దాటిన స్త్రీలను కూర్చోబెట్టి, వారు ఏమి తింటున్నారో, ఏమి మానినారో అడుగవలెను. వారంతట వారు చెప్పరు. మా అమ్మగారు ముప్పదియేండ్లకు పైగా చెప్పలేదు, మేము అడుగలేదు.

 నూతన సంవత్సరము మీ ఇండ్లలో ఆయురారోగ్యములను, గట్టి ఎముకలను నిలుపుగాక. సెలవు.